విద్యార్థి కలానికి చోటిచ్చిన కట్టమంచి

నేలకొండపల్లి:

పాట అంటే ఏమిటో, పద్యం అంటే ఏమిటో నేలకొండపల్లికి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. ఇది కంచర్ల గోపన్న పుట్టిన ఊరు. తహసీల్దారు కొలువులో ఉండి, సర్కారు సొమ్ముతో భద్రాద్రి రాముడికి గుడి కట్టించి, గోల్కొండ చెరసాల పాలై, కీర్తనలతో భక్త రామదాసుగా నిలిచిన ఆయన కథ ఇక్కడి పశువుల కాపరికి కూడా తెలుసు. అయితే గోపన్నను పాట కట్టమని అడిగినవారు లేరు. కట్టినందుకు బహుమతి ఇచ్చినవారూ లేరు. చదువుకునే పిల్లవాడి చేత పద్యమో కథో రాయించాలి, రాసినదాన్ని పదిమందిలో నిలబెట్టాలి అన్న ఆలోచన కాలేజీలు, యూనివర్సిటీలు వచ్చిన తర్వాత పుట్టింది.

ఆ ఆలోచనను రెండు వైపుల నుంచీ చూసిన తెలుగువాడు డాక్టర్ కట్టమంచి రామలింగారెడ్డి. కాలేజీలో చదువుతూ పోటీకి కావ్యం రాసి బహుమతి పొందిన కుర్రవాడు ఆయనే. తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మొట్టమొదటి ఉపాధ్యక్షుడై, అంటే ఇప్పుడు వైస్ ఛాన్సలర్ అంటున్న పదవిలో కూర్చుని, రాసేవారిని వెతికి పట్టుకున్నదీ ఆయనే. ఆయన పుట్టింది చిత్తూరు దగ్గర, పనిచేసింది మైసూరులో, వాల్తేరులో. మన జిల్లాకు ఆయనతో ఏమి సంబంధం అని అడగవచ్చు. సంబంధం ఉంది. భద్రాచలం తాలూకా 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. అందువల్ల 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టినప్పుడు భద్రాచలం దాని కిందికి వచ్చింది. నేలకొండపల్లి, ఖమ్మం మాత్రం నిజాం రాజ్యంలో ఉండి, ఉస్మానియా కిందికి వచ్చాయి. రామదాసు పుట్టిన ఊరు ఒక యూనివర్సిటీకి, ఆయన గుడి కట్టిన ఊరు మరొక యూనివర్సిటీకి చెందాయన్నమాట.

చెరువు కట్ట కథ

రామలింగారెడ్డి 1880 డిసెంబరు 10న కట్టమంచిలో పుట్టారు. అప్పట్లో అది చిత్తూరు పక్కన పల్లె. ఇప్పుడు పట్టణంలో కలిసిపోయింది. తండ్రి సుబ్రహ్మణ్యరెడ్డి, తల్లి నారాయణమ్మ. చిత్తూరులో హైస్కూలు చదువు ముగించి మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చేరారు. చరిత్రలోనూ, తత్త్వశాస్త్రంలోనూ దిట్ట అనిపించుకున్నారు.

ఆ కాలేజీలో తెలుగు విద్యార్థులకు ఒక సంఘం ఉండేది. దాని పేరు ఆంధ్ర భాషాభిరంజని. ఇంగ్లీషు చదువు మధ్య తెలుగు మరచిపోకుండా సభలు జరుపుకోవడం, ఉపన్యాసాలు పెట్టుకోవడం దాని పని. 1899లో ఆ సంఘం తెలుగు కావ్య రచనకు పోటీ పెట్టింది. అప్పటికి రామలింగారెడ్డికి ఇంకా 19 ఏళ్లు నిండలేదు. ఆ పోటీకి ఆయన రాసినదే 'ముసలమ్మ మరణం'.

ఆ కథ ఆయన కల్పించినది కాదు. బ్రౌన్ దొర సేకరించిన అనంతపురం చరిత్రలో ఉన్నది. అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం అనే ఊరు ఉంది. విజయనగర రాజు బుక్కరాయల కాలంలో అక్కడ పెద్ద చెరువు కట్టారు. ఒక ఏడు విపరీతమైన వానలకు చెరువు నిండి కట్ట తెగే స్థితికి వచ్చింది. ఊరంతా గంపలు, పారలు తీసుకుని కట్ట మీదికి చేరింది. ఎంత మట్టి పోసినా నిలవలేదు. బసిరెడ్డి అనే పెద్ద రైతు ఇంటి చిన్న కోడలు ముసలమ్మను బలి ఇస్తేనే కట్ట నిలుస్తుందని గ్రామదేవత వాక్కు వినిపించింది. పేరు ముసలమ్మ అయినా ఆమె ముసలిది కాదు. చంటిబిడ్డ తల్లి. మన ఊళ్లలోనూ చిన్నపిల్లలకు ముసలమ్మ పేరు పెట్టుకోవడం కొత్త కాదు. ఆమె ఏడ్చి పెడబొబ్బలు పెట్టలేదు. అత్తమామల దగ్గర, భర్త దగ్గర సెలవు తీసుకుని, బిడ్డను అప్పగించి, గండిలోకి నడిచిపోయింది. కట్ట నిలిచింది. ఆ చోటును ముసలమ్మ కట్ట అని ఇప్పటికీ అంటారు.

చెరువు కింద బతికే వారికి ఈ కథ అర్థం కావడానికి పండితులు అక్కర్లేదు. అర్ధరాత్రి కట్ట మీద లాంతర్లు పెట్టుకుని కాపలా కాసిన తాతలు నేలకొండపల్లి చుట్టుపక్కల ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. కట్ట తెగితే పొలాలు, ఇళ్లు, గొడ్లు ఏమవుతాయో వారికి తెలుసు. కానీ 1899లో ఇటువంటి కథను కావ్యంగా రాయడం మామూలు సంగతి కాదు. ఆనాడు కావ్యం అంటే రాజు ఉండాలి, రాణి ఉండాలి, పురవర్ణన, ఋతువర్ణన ఉండాలి. చివరకు శుభంతో ముగియాలి. ఒక కాపు కోడలు కథానాయిక కావడం, ఆమె చావుతో కావ్యం ముగియడం, పేరులోనే మరణం అన్న మాట ఉండడం పెద్దలకు మింగుడుపడే విషయాలు కావు. పోటీలో నెగ్గాలని చూసే విద్యార్థి ఎవరైనా ఏ పురాణకథనో పట్టుకునేవాడు. ఈయన చెరువు కట్టను పట్టుకున్నారు.

బహుమతి ఆయనకే వచ్చింది. మరుసటి ఏడాది పుస్తకంగా అచ్చయింది. తెలుగులో ఆధునిక కవిత్వం ఎక్కడ మొదలైందని చర్చ వచ్చినప్పుడు గురజాడ, రాయప్రోలుల కంటే ముందు ఈ చిన్న పుస్తకం పేరు చెప్పే విమర్శకులు ఉన్నారు. ఆ వాదులాట పండితులకు వదిలివేయవచ్చు. కాలేజీ సంఘం వారు ఆ పోటీ పెట్టి ఉండకపోతే, కథ సంప్రదాయానికి విరుద్ధమని పక్కన పడేసి ఉంటే, ముసలమ్మ బుక్కరాయసముద్రం దాటి వచ్చేది కాదన్నది మాత్రం నిజం.

కేంబ్రిడ్జి చదువు, బరోడా కొలువు

1902లో ప్రభుత్వ స్కాలర్‌షిప్ దొరికింది. ఇంగ్లండు వెళ్లి కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్స్ కాలేజీలో చేరారు. అక్కడి విద్యార్థుల చర్చా వేదిక కేంబ్రిడ్జి యూనియన్. రాజకీయాల్లో పెద్దవారు కాబోయే దొరబిడ్డలు అక్కడ మాట్లాడడం నేర్చుకునేవారు. ఆ యూనియన్‌కు ఉపాధ్యక్షుడుగా ఈ చిత్తూరు యువకుడు ఎన్నికయ్యారు. విద్యార్థులు తమ సభను తామే నడుపుకోవడం, అధికారంలో ఉన్నవారిని నిలదీసి మాట్లాడడం ఆయన అక్కడ దగ్గరగా చూశారు.

తిరిగి వచ్చాక బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ కాలేజీలో ఉద్యోగం ఇచ్చారు. అరవింద ఘోష్ బెంగాలు రాజకీయాల్లోకి వెళ్లిపోగా ఖాళీ అయిన స్థానం అది. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, నలభై ఏళ్ల తర్వాత మళ్లీ అవసరం వస్తుంది. బరోడాలో ఎక్కువ కాలం ఉండలేదు. 1909లో మైసూరు మహారాజా కాలేజీకి వచ్చారు.

మైసూరులో దొరికిన కుర్రవాడు

మైసూరు కన్నడ దేశం. అక్కడ తెలుగు చదివే విద్యార్థులు తక్కువ. అయినా రామలింగారెడ్డి తెలుగును వదలలేదు. 1914లో 'కవిత్వతత్త్వ విచారము' అచ్చయింది. పింగళి సూరన కావ్యాలను తీసుకుని, కవిత్వానికి వర్ణనల కొలతలు ముఖ్యం కాదు, భావన ముఖ్యం అని వాదించిన పుస్తకం ఇది. ప్రబంధ కవులను చాలా కటువుగానే తూర్పారబట్టారు. పండితులు మండిపడ్డారు. జవాబులు రాశారు. తెలుగు సాహిత్య విమర్శలో ఆ పుస్తకం రేపిన దుమారం చాలాకాలం అణగలేదు.

అయితే మైసూరు కాలంలో ఆయన చేసిన మేలు ఇంకొకటి ఉంది. అనంతపురం జిల్లా రాళ్లపల్లి గ్రామం నుంచి అనంతకృష్ణశర్మ అనే యువకుడు సంస్కృతం చదువుకోడానికి మైసూరు వచ్చాడు. పరకాల మఠంలో చదువు. తెలుగులో పద్యాలు అల్లేవాడు. సంగీతం వచ్చు. ఇంగ్లీషు డిగ్రీలు లేవు. కేంబ్రిడ్జి చదివిన ప్రొఫెసరుకు, మఠంలో చదివే కుర్రవాడికి మధ్య ఎంత దూరం ఉండాలో అంత దూరం ఉండవలసింది. రెడ్డిగారు ఆ దూరం పాటించలేదు. ఆ పద్యాల్లో పస చూశారు. 1912లో మహారాజా కాలేజీలోనే తెలుగు పండితుడి ఉద్యోగం వచ్చేటట్టు చేశారు. అప్పటికి శర్మగారికి 19 ఏళ్లు. తాను పోటీకి కావ్యం రాసిన వయసు కూడా అదే కదా అని ఆయనకు తోచిందో లేదో తెలియదు గాని, ఆ కుర్రవాడు 1949 దాకా ఆ కాలేజీలో తెలుగు చెప్పాడు.

1916లో మైసూరు విశ్వవిద్యాలయం ఏర్పడింది. విశ్వేశ్వరయ్యగారు దివానుగా ఉన్న రోజులు. ఆ ప్రయత్నంలో రామలింగారెడ్డి కూడా పాలుపంచుకున్నారు. మహారాజా కాలేజీకి ప్రిన్సిపాల్ అయ్యారు. తర్వాత ఆ సంస్థానం విద్యాశాఖకే అధిపతి అయ్యారు. పంచమ పిల్లలను ప్రభుత్వ పాఠశాలల్లో అందరితోపాటు చేర్చుకోవాలన్న పట్టుదల ఆయన హయాంలో కనిపిస్తుంది. దానికి ఎదురుతిరిగినవారు తక్కువమంది కాదు. కావ్యాల పోటీ పెట్టినా, సాహిత్య సంఘం పెట్టినా, బడి గడప తొక్కనివ్వని పిల్లవాడు దాంట్లో పాల్గొనలేడు. ఈ రెండు పనులూ వేరువేరు కావు.

1921లో మైసూరు కొలువు వదిలి రాజకీయాల్లోకి వచ్చారు. మద్రాసు శాసనమండలిలో జస్టిస్ పార్టీ పక్షాన కూర్చున్నారు. తర్వాత దానితోనే తగువు పడ్డారు. 1923లో పానగల్ రాజా మంత్రివర్గం మీద అవిశ్వాస తీర్మానం పెట్టారు. మన దేశ చట్టసభల్లో అదే మొదటి అవిశ్వాస తీర్మానం అంటారు. అది నెగ్గలేదు. రాజకీయాల్లో ఆయన ఏ పార్టీలోనూ కుదురుగా ఉన్నవారు కాదు. మాటకు పదును ఎక్కువ, సర్దుకుపోవడం తక్కువ.

పరిషత్తు పేరులోనే కళ

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయ చట్టం వచ్చింది. మొదటి ఉపాధ్యక్షుడు ఆయనే. మొదట బెజవాడలో ఆఫీసు. సొంత భవనం లేదు, డబ్బు లేదు. ఏ ఊళ్లో పెట్టాలన్న దానిపై జిల్లాల మధ్య తగాదాలు. చివరకు వాల్తేరు ఖాయమైంది. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయల విరాళం ఇచ్చే ఏర్పాటు చేయడంతో ఊపిరి వచ్చింది.

ఆ సంస్థకు తెలుగులో పెట్టిన పేరు ఆంధ్ర విశ్వకళా పరిషత్తు. విద్య అన్న మాటకు బదులు కళ అన్న మాట ఆ పేరులోకి వచ్చింది. తేజస్వి నావధీతమస్తు అన్న ఉపనిషత్తు మాటను ఆదర్శవాక్యంగా రెడ్డిగారు ఎంచుకున్నారు. ముద్రను గీయించడానికి దొరల కంపెనీ దగ్గరకు పోలేదు. తెలుగు చిత్రకారుడు కవుతా రామమోహనశాస్త్రి చేత గీయించారు. ఉదయించే సూర్యుడు, తామరపువ్వు, స్వస్తికం, కాపలాగా రెండు నాగులు అందులో ఉన్నాయి. ఇప్పటికీ ఆ విశ్వవిద్యాలయం సర్టిఫికెట్ల మీద ఉండేది ఆ ముద్రే.

ఇంగ్లీషు డిగ్రీ లేని పండితులను, కవులను యూనివర్సిటీ గౌరవించడానికి కళాప్రపూర్ణ అనే బిరుదు పెట్టారు. డాక్టరేటుతో సమానమైన గౌరవం. వేదం వెంకటరాయశాస్త్రిగారి వంటి వారికి ఆ బిరుదు అందింది. తెలుగు తప్ప మరొకటి రాని మనిషి కూడా యూనివర్సిటీ వేదిక ఎక్కవచ్చని విద్యార్థులు చూశారు. చదువుకునే కుర్రవాడికి ఇది చిన్న విషయం కాదు. తాను రాసే భాషకు విలువ ఉందని పుస్తకంలో చదవడం వేరు, కళ్లతో చూడడం వేరు.

మైసూరు కుర్రవాడిని కూడా ఆయన మరచిపోలేదు. 1928లో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ చేత విశ్వవిద్యాలయం పక్షాన వేమనపై అనంతపురంలో ఉపన్యాసాలు ఇప్పించారు. మరుసటి ఏడాది అవి పుస్తకంగా వచ్చాయి. ఈ సంగతి కాస్త విడమరచి చెప్పాలి. వేమన పద్యాలు రాని పల్లె తెలుగునాట లేదు. తిరునాళ్లలో పాడేవారు, బడిలో వల్లె వేయించేవారు, కల్లం దగ్గర తగువు తీర్చే పెద్దమనిషి సామెతలా వాడేవాడు. కానీ పండితులు చాలామంది ఆయనను మహాకవుల వరుసలో చేర్చుకోలేదు. ఛందస్సు ఆటవెలది, భాష పామరం, తిట్లు ఎక్కువ అని ముఖం తిప్పుకున్నారు. బ్రౌన్ దొర ఆ పద్యాలను సేకరించి అచ్చు వేసి వందేళ్లు కావస్తున్నా తెలుగు పండితలోకం కదలలేదు. అటువంటి వేమన గురించి కొత్తగా పెట్టిన యూనివర్సిటీ వరుస ఉపన్యాసాలు పెట్టించింది. చెప్పినవాడు సంస్కృత పండితుడు. చెప్పించినవాడు ముసలమ్మ కథ రాసినవాడు.

1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చింది. సత్యాగ్రహుల మీద సర్కారు సాగించిన దౌర్జన్యానికి నిరసనగా రెడ్డిగారు పదవికి రాజీనామా ఇచ్చారు. విశ్వవిద్యాలయాన్ని కన్నబిడ్డలా పెంచుతున్న మనిషి దాన్ని వదిలి బయటికి నడవడం సులభం కాదు. 1931లో ఆ స్థానానికి సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చారు. ఆ అయిదేళ్లలో జరిగిన మంచిని రెడ్డిగారి ఖాతాలో వేయడం న్యాయం కాదు. పింగళి లక్ష్మీకాంతం తెలుగు శాఖకు వచ్చింది, 1933లో రవీంద్రనాథ్ టాగూరు వాల్తేరు వచ్చి ఉపన్యాసాలు ఇచ్చింది రాధాకృష్ణన్ కాలంలోనే.

ఈ గట్టున

ఇక గోదావరికి ఈవలి గట్టు సంగతి. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లోనే మొదలైంది. అంటే వాల్తేరు కంటే పెద్దది. అక్కడ పాఠాలు ఉర్దూలో. తెలుగు ఒక సబ్జెక్టు మాత్రమే. ఆ సబ్జెక్టు చెప్పడానికి మాత్రం గొప్ప కవి దొరికారు. 'తృణకంకణం' రాసిన రాయప్రోలు సుబ్బారావు అక్కడ ఏళ్ల తరబడి తెలుగు ఆచార్యులుగా ఉన్నారు. నేలకొండపల్లి వైపు పిల్లవాడు అంతదూరం చేరాలంటే ముందు ఉర్దూ మీడియంలో మెట్రిక్ గట్టెక్కాలి, తర్వాత హైదరాబాదులో ఉండేందుకు ఖర్చు భరించాలి. ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూ. పద్యం రాయాలన్న కోరిక ఉన్నా ఏ లిపిలో మొదలు పెట్టాలన్నదే మొదటి ప్రశ్న.

1938లో ఉస్మానియా హాస్టళ్లలో హిందూ విద్యార్థులు వందేమాతరం పాడారు. పాడవద్దని అధికారులు ఆజ్ఞ ఇచ్చారు. విద్యార్థులు వినలేదు. వందల మందిని బయటికి పంపించారు. వారిలో చాలామందికి నాగపూరు విశ్వవిద్యాలయం చోటిచ్చింది. తర్వాత ప్రధానమంత్రి అయిన పి.వి.నరసింహారావు వారిలో ఒకరు. పాట పాడినందుకు చదువు పోయింది. ముప్పై తొమ్మిదేళ్ల ముందు మద్రాసులో కావ్యం రాసినందుకు ఒక విద్యార్థికి బహుమతి వచ్చింది. పిల్లల గొంతు గురించి విద్యాలయాలు ఎన్ని రకాలుగా ఆలోచించవచ్చో ఈ రెండు సంఘటనలు పక్కపక్కన పెట్టుకుంటే తెలుస్తుంది. ఖమ్మంలో చదువుకున్న దాశరథి కృష్ణమాచార్యులు ఆ కాలంలోనే ఎదిగి, నిజాం జైలుకు వెళ్లి, అక్కడ కూడా రాస్తూనే ఉన్నారు. గోపన్న జిల్లా కదా, జైలు ఇక్కడి కవులకు కొత్త కాదని పెద్దలు నవ్వుతూ అంటుంటారు.

అయితే వాల్తేరు స్వర్గం అనుకోవడం కూడా పొరపాటే. అక్కడా పాఠాలు తెలుగులో లేవు, ఇంగ్లీషులో ఉన్నాయి. ఒక గట్టున ఉర్దూ, ఒక గట్టున ఇంగ్లీషు. రెండు గట్ల మీదా తెలుగు ఒక గంట పాఠమే.

రెండోసారి

రాధాకృష్ణన్ ఆక్స్‌ఫర్డుకు వెళ్లగా 1936లో రామలింగారెడ్డి మళ్లీ ఉపాధ్యక్షుడయ్యారు. 1949 దాకా, అంటే పదమూడేళ్లు, ఆ కుర్చీలో ఉన్నారు. ఆ ఏడాదే ఆయన 'నవయామిని' వచ్చింది. 1899 నాటి ముసలమ్మకు, దీనికి మధ్య 37 ఏళ్లు. ఈ మధ్యలో ఆయన అర్థశాస్త్రం మీద తెలుగులో పుస్తకం రాశారు, విమర్శ రాశారు, వ్యాసాలు రాశారు. కవిత్వం మాత్రం దాదాపు లేదు. 19 ఏళ్లకే అటువంటి కావ్యం రాసినవాడు ఫైళ్లకు, సెనేటు సమావేశాలకు, శాసనమండలికి తన కాలమంతా ధారపోశాడని బాధపడినవారు ఉన్నారు. ఆ బాధలో అర్థం ఉంది. తెలుగుకు ఒక విశ్వవిద్యాలయం దక్కింది, ఒక కవి తగ్గాడు.

1938లో గిడుగు రామమూర్తి పంతులుగారికి కళాప్రపూర్ణ ఇచ్చారు. జనం మాట్లాడే తెలుగులోనే పుస్తకాలు రాయాలి, బడిలో చెప్పాలి అని జీవితమంతా పోరాడిన వృద్ధుడు ఆయన. అప్పటికి 75 ఏళ్లు. సవరల భాష నేర్చుకుని, వారి పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించిన మహానుభావుడు. కోయల మధ్య బతికే మన అడవి ప్రాంతం వారికి ఆ పని విలువ వేరే చెప్పనక్కర్లేదు. రెండేళ్లకే, 1940లో, పంతులుగారు కన్నుమూశారు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. గిడుగుకు బిరుదు ఇచ్చారే గాని, గిడుగు అడిగిన మార్పు యూనివర్సిటీలో వెంటనే రాలేదు. విద్యార్థి పరీక్షల్లో తాను మాట్లాడే తెలుగులో రాసుకునే స్వేచ్ఛ చాలాకాలం తర్వాత గాని దొరకలేదు. రెడ్డిగారి సొంత రచన కూడా గ్రాంథికమే. కావ్యంలోకి కాపు కోడలిని తెచ్చినవాడు ఆమె మాట్లాడే తెలుగును తేలేదు. 1899లో రాసిన కుర్రవాడిని తప్పు పట్టలేము గాని, 1938లో కుర్చీలో ఉన్న పెద్దమనిషి ఇంకొంచెం చేసి ఉండవచ్చు.

లైబ్రరీ సంగతి మాత్రం మెచ్చుకోవలసిందే. కవి అబ్బూరి రామకృష్ణారావు ఆ విశ్వవిద్యాలయ గ్రంథాలయాన్ని చూసేవారు. ఆయన పుస్తకాలు లెక్కపెట్టుకుని కూర్చునే మనిషి కాదు. ఏ కుర్రవాడికి ఏ పుస్తకం అవసరమో కనిపెట్టి చేతిలో పెట్టేవారు. విశాఖపట్నంలో పెరిగిన శ్రీశ్రీ వంటివారికి దేశదేశాల కొత్త కవిత్వం పరిచయం కావడంలో అబ్బూరి వారి చేయి ఉంది. క్లాసులో చెప్పని విషయాలు అక్కడ దొరికేవి. రాయాలనుకునే విద్యార్థికి పోటీ కంటే, బహుమతి కంటే ఇటువంటి మనిషి దొరకడమే ఎక్కువ ఉపయోగం అనిపిస్తుంది.

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేశాయి. ఊరు ఖాళీ అయింది. విశ్వవిద్యాలయాన్ని గుంటూరుకు తరలించారు. పుస్తకాలు, ప్రయోగశాల సామాన్లు, విద్యార్థులు అందరూ రైలెక్కారు. వాల్తేరు భవనాలు సైన్యం వాడుకుంది. యుద్ధం ముగిశాక 1946 నాటికి తిరిగి చేరుకున్నారు. ఆ చెదిరిన రోజుల్లో సంస్థ చెల్లాచెదురు కాకుండా నిలబెట్టడమే పెద్ద పని. యుద్ధకాలంలోనే బ్రిటిష్ ప్రభుత్వం ఆయనకు సర్ బిరుదు ఇచ్చింది. ఉప్పు సత్యాగ్రహం నాడు పదవి వదిలిన మనిషి ఈ బిరుదు ఎందుకు పుచ్చుకున్నారని అడిగినవారు ఆనాడే ఉన్నారు. 1945లో ఏలూరులో పెట్టిన కాలేజీకి ఆయన బ్రతికి ఉండగానే ఆయన పేరు పెట్టారు. సర్ సి.ఆర్.రెడ్డి కాలేజీ అని మన జిల్లా వారికి కూడా తెలిసిన పేరే. సత్తుపల్లి, అశ్వారావుపేట వైపు వారికి ఏలూరు ఎంతో దూరం కాదు.

పుదుచ్చేరి ప్రయాణం

రామలింగారెడ్డి పెళ్లి చేసుకోలేదు. ఇల్లు, సంసారం అన్నీ విశ్వవిద్యాలయమే. ఆయన పేరు మీద వాల్తేరులో ఒక జాతీయ బహుమతి ఏర్పాటైంది. 1948లో ఆ బహుమతికి అరవిందులను ఎంపిక చేశారు. బరోడాలో ఎవరు ఖాళీ చేసిన కుర్చీలో తాను కూర్చున్నారో ఆయనకే. అరవిందులు అప్పటికి ఎన్నో ఏళ్లుగా పుదుచ్చేరి ఆశ్రమం దాటి బయటికి రావడం లేదు. బహుమతిని పోస్టులో పంపవచ్చు, వేరే ఎవరినైనా పంపవచ్చు. 68 ఏళ్ల రెడ్డిగారు తానే పుదుచ్చేరి వెళ్లి అందజేశారు.

మరుసటి ఏడాది పదవి నుంచి దిగారు. ఆయన తర్వాత వాసిరెడ్డి శ్రీకృష్ణ ఉపాధ్యక్షులయ్యారు. రెడ్డిగారు మళ్లీ మైసూరు విశ్వవిద్యాలయం బాధ్యతల్లోకి వెళ్లారు గాని ఆరోగ్యం సహకరించలేదు. 1951 ఫిబ్రవరి 24న మద్రాసులో కన్నుమూశారు. వాల్తేరులో స్నాతకోత్సవాలు జరిగే భవనానికి ఆయన పేరే ఉంది.

భద్రాచలం 1959లో ఖమ్మం జిల్లాలో కలిసింది. 1976లో వరంగల్లులో కాకతీయ విశ్వవిద్యాలయం వచ్చాక నేలకొండపల్లి పిల్లలకు యూనివర్సిటీ బస్సు దూరంలోకి వచ్చింది. రామలింగారెడ్డి మైసూరులో పట్టుకున్న రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, కాలేజీ నుంచి రిటైరయ్యాక తిరుపతి చేరి, రాగిరేకుల మీద నిద్రపోతున్న అన్నమాచార్యుల కీర్తనలు నూటికి పైగా తీసుకుని వాటికి స్వరాలు కట్టారు. 1979లో ఆయనా వెళ్లిపోయారు. తెల్లవారుజామున గుడి మైకుల్లో రామదాసు కీర్తనల మధ్య వినిపించే అన్నమయ్య పాటల్లో కొన్ని ఆయన వరసలే.